అరవై రెండు వోచోలు

నేను పుట్టి ఇరవై ఒక్కేళ్ళయింది. ఇన్నేళ్ళలో నా నోటి నుంచి ఒక్క అబద్ధం కూడా రాలేదు. నమ్మకం కుదరకపోతే మా కొండ మీద ఎవరినైనా అడగండి.

ఎవరినైనా అంటే, మా తాతను కాకుండా. రొట్టెల కొట్టావిడను కూడా వదిలేయండి, ఆవిడకి నా మీద పాత కోపం ఉంది. పోలీసు బూత్‌లో మీసాలాయన జోలికి అసలు పోవద్దు. ఇక మా స్టాండు పెద్ద దోన్యా ఒబ్దూలియా సంగతంటారా, ఆవిడ మీ ప్రశ్న పూర్తిగా వినకముందే నవ్వడం మొదలుపెడుతుంది. ఆ నవ్వు ఆగేసరికి మీ ఊరి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది.

సరే, పోలీసు బూత్ సంగతి నేనే చెప్పేస్తాను. వాళ్ళు చెబితే వంకరగా చెబుతారు.

మెక్సికో నగరం ఉత్తరాన ఆగిపోయే చోట మా కొండ మొదలవుతుంది. రోడ్లు ఎంత నిటారుగా ఉంటాయంటే, పై వీధిలో ఎవరి చేతిలోంచైనా నారింజపండు జారితే కింది వీధిలో గ్లాసు పట్టుకుని జ్యూసు తాగొచ్చు. ఇక్కడికి బస్సు ఎక్కదు. కొత్త కార్లు సగం దారిలో మూలిగి వెనక్కి తిరుగుతాయి. ఎక్కేది వోచో ఒక్కటే. అదే, తాబేటి చిప్పలా గుండ్రంగా ఉండే పాతకాలపు బీటిల్ కారు. దాని ఇంజను వెనక ఉంటుంది. ఆ బరువంతా వెనక చక్రాల మీద పడేసరికి అవి రోడ్డును పట్టుకుని వదలవు. మా స్టాండులో అలాంటి టాక్సీలు అరవై రెండున్నాయి. ఆ అరవై రెండే మా కొండకి కాళ్ళు.

ముందుది డిక్కీ, వెనకది బానెట్. మా కొండ మీద పిల్లలకి కుడి ఎడమలకన్నా ముందు ఈ సంగతి తెలుస్తుంది. అయితే తీగల మీద నడిచే డబ్బాలు, అదే కేబుల్ కార్లు, మా కొండ దాకా వచ్చినప్పటి నుంచీ కింది నగరం వాళ్ళూ, వేరే దేశాల వాళ్ళూ చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళలో ఎవరో ఒకరు వోచో ముందు మూత ఎత్తి, లోపల ఒక స్టెప్నీ టైరూ, ఒక గొడుగూ, మా తాత పాత చెప్పులూ చూసి నోరు తెరిచి నిలబడతారు. ఆ మొహం చూస్తూ నోరు మూసుకోవడానికి నేనేమైనా పునీతురాలినా.

మార్చిలో ఒక జంట వచ్చింది. గాజు మేడల వైపు వాళ్ళు. ఫోటోలు బాగా వస్తాయని ఎవరి దగ్గరో వోచో అడిగి తెచ్చుకున్నారు. అది సరిగ్గా మా స్టాండు ముందు ఆగిపోయింది. అతను దిగి, చొక్కా చేతులు మడిచి, ముందు మూత ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"ఏమైంది?" అంది లోపలి నుంచి ఆమె.

"ఇంజను లేదు."

"లేకపోవడమేంటి, ఇప్పటిదాకా దాంతోనేగా వచ్చాం."

నేను దగ్గరికెళ్ళి లోపలికి తొంగిచూశాను. టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాను.

"కింద సిగ్నల్ దగ్గర ఆగారా?" అన్నాను.

"ఆగాం. ఎర్ర లైటు పడింది."

"ఎంతసేపు?"

"ఓ నిమిషం ఉంటుందేమో."

"నిమిషమా," అన్నాను. "వాళ్ళకి పదహారు సెకన్లు చాలండి."

నేనన్నది అంతే. మిగతాదంతా వాళ్ళు చేసుకున్నదే. తిన్నగా బూత్‌కెళ్ళి ఫిర్యాదిచ్చారు. మీసాలాయన దొంగల ఎత్తూ లావుతో సహా రెండు పేజీలు రాసి, మూడో పేజీ మొదట్లో "బండి ఏ రకం?" అని అడిగాడు. ఆయనకీ వోచోయే ఉంది. జవాబు విని పెన్ను కింద పెట్టి, "టోపీ పెట్టుకున్న పిల్ల ఏమైనా ఎదురైందా మీకు?" అన్నాడట.

ఇదంతా మార్చి మాట. జూలై వచ్చేసరికి మా తాత మోకాళ్ళు ఇక చాలన్నాయి.

మా తాత పేరు దోన్ ఫిదెన్సియో. మా స్టాండులో పద్నాలుగో నంబరు ఆయనది. ముప్పై ఎనిమిదేళ్ళు తోలాడు. ఈమధ్య ఆయన క్లచ్ తొక్కినప్పుడల్లా ఏదో విరిగిన చప్పుడు వస్తే ప్రయాణికులు బండిని అనుమానిస్తున్నారు. బండి శుభ్రంగానే ఉంది, విరుగుతున్నది తాత. మా స్టాండులో నంబరు చేతులు మారేది ఏడాదికి ఒక్కరోజే. జూలై ఇరవై అయిదు, డ్రైవర్లను కాచే సాన్ క్రిస్టోబాల్ పండగ. ఆ రోజు ఫాదర్ వచ్చి బళ్ళ మీద పవిత్ర జలం చల్లుతాడు. అది అయ్యాక దోన్యా ఒబ్దూలియా నోటుబుక్కు తెరిచి పేర్లు రాస్తుంది. ఆవిడ ఒప్పుకుంటే నంబరు ఇంట్లోవాళ్ళకి వస్తుంది. ఒప్పుకోకపోతే బయట కాచుకున్నవాడికి పోతుంది.

కాచుకున్నవాడు నెమెసియో. సొంత నంబరు లేక ఇంకొకరి బండి తోలుతున్నాడు. మంచివాడే. కాకపోతే ఎంత నిదానంగా తోలతాడంటే, అతని బండిలో కాన్పుకని బయల్దేరిన మనిషి ఆసుపత్రి దగ్గర దిగేటప్పటికి పిల్లాడికి పళ్ళొచ్చాయి.

ఆ పద్నాలుగు నాకు కావాలి. ఇందులో వేళాకోళం లేదు. పన్నెండేళ్ళప్పుడు తాత గేరు మీద నా చెయ్యి పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టి, మొదటిసారి ఆ పెద్ద మలుపు ఎక్కించాడు. అప్పటి నుంచీ నాకు వేరే పని చెయ్యాలని అనిపించలేదు.

దోన్యా ఒబ్దూలియా స్టాండు మొదట్లో గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. చెవి వెనక పెన్సిలు, ఒళ్ళో నోటుబుక్కు, చేతిలో ఉడికించిన మొక్కజొన్న ముద్ద, అదే తమాల్, పెట్టిన బన్ను. పండగకి పదకొండు రోజుల ముందు నన్ను పిలిపించింది.

"నువ్వు బాగా తోలతావే నాచా," అంది. "నీ చేతులతో నాకు పేచీ లేదు. నీ నోటితోనే."

"నా నోటికేమైంది దోన్యా?"

"రేపెవరో ముసలావిడ నీ బండెక్కి, బ్రేకులు పడతాయా అమ్మా అని అడుగుతుంది. నువ్వు టోపీ తీసి గుండెల మీద పెట్టుకుంటావు. ఆవిడ అక్కడే పోతుంది. శవాన్ని ఎవరు దించాలి?"

"నేను దించుతాను కదా, నంబరిస్తే."

ఆవిడ బన్ను నమలడం ఆపి నా వంక చూసింది.

"పండగ దాకా పదకొండు రోజులు. ఈ పదకొండు రోజుల్లో నీ నోటి నుంచి ఒక్క అబద్ధం వచ్చిందా, పద్నాలుగు నెమెసియోది."

"చిన్నదైనా?"

"చిన్నదైనా."

"ఎవరైనా వచ్చి, నా కొత్త క్రాపు ఎలా ఉంది నాచా అని అడిగితే?"

"దగ్గు," అంది.

ఆ పదకొండు రోజులూ నేను దగ్గిన దగ్గుకి మా కొండ మీద దగ్గు మందు అయిపోయింది. కింది నుంచి లారీలో తెప్పించారు.

నాలుగో రోజున ఇద్దరు పొడుగాటి పరదేశులు వచ్చారు. చెరో కెమెరా. తాత బండి ముందు మూత ఎత్తి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, నా వైపు తిరిగారు. నేను పంటి బిగువున నిజం చెప్పాను.

"ఇంజను వెనకుందండీ."

ఇద్దరూ పగలబడి నవ్వారు. వెనకట, వెనకట అనుకుంటూ నా భుజం తట్టారు. ఇంత సరదా పిల్లని ఎక్కడా చూడలేదని నాతో ఫోటో దిగి, అసలు విషయం తెలుసుకోకుండానే కొండ దిగిపోయారు. నిజం ఇంత బాగా పనిచేస్తుందని ఇరవై ఒక్కేళ్ళుగా నాకెవరూ చెప్పలేదు.

నా కొంప ముంచింది ఆ పాఠమే.

పాత ఫాదర్ జూన్‌లో వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో ఫాదర్ ఎవెరార్దో వచ్చాడు. అమ్మానాన్నలు మా దేశం వాళ్ళే గానీ, ఆయన పుట్టి పెరిగింది షికాగోలో. ఇరవై తొమ్మిదేళ్ళు. ఏం చెప్పినా తలూపి గుర్తుపెట్టుకునే రకం. మా కొండ గాలి పడక, వచ్చిన రోజు నుంచీ జలుబు, ముక్కు దగ్గర రుమాలు.

పండగ ముందు రోజు మధ్యాహ్నం నేను చర్చి గోడకి వెనక భాగం ఆనించి పెట్టిన తాత బండికి మైనం రుద్దుతున్నాను. ఫాదర్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"దోన్ ఫిదెన్సియో మనవరాలివి నువ్వేనా అమ్మాయ్?"

"నేనే ఫాదర్." నిజం.

"రేపటి పని ఒకసారి చూసుకుందామని వచ్చాను. పాత ఫాదర్ చీటీ రాసిపెట్టి వెళ్ళారు. నీళ్ళు ఇంజను మీదే పడాలి, పైరేకు మీద చల్లితే డ్రైవర్లు ఒప్పుకోరు అని."

"ఒప్పుకోరు ఫాదర్. ఒక ఏడు వానొచ్చి ఆయన పైపైన చల్లి లోపలికి పరిగెత్తారు. ఆ ఏడు నాలుగు క్లచ్చులు పోయాయి." ఇదీ నిజమే, నోటుబుక్కులో ఉంది.

"మంచిది. అయితే ఏదీ, చూద్దాం," అంటూ ఫాదర్ వంగి తన చేత్తో తనే ముందు మూత ఎత్తాడు.

ఎత్తి ఉండిపోయాడు.

నేను మూత ఎత్తమనలేదు. ఎత్తొద్దని కూడా అనలేదు. ఎందుకో టోపీ మాత్రం తీసి గుండెల మీద పెట్టుకున్నాను. టోపీ తీయడం అబద్ధం కిందికి రాదు.

"ఇక్కడ ఇంజను లేదు," అన్నాడు ఫాదర్ మెల్లగా.

"లేదు ఫాదర్."

"ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి నుంచీ లేదు."

"ఈ ఒక్క బండికేనా?"

"స్టాండులో అరవై రెండు బళ్ళున్నాయి ఫాదర్. అరవై రెండూ ఇంతే."

ఆయన రుమాలుతో ముక్కు తుడుచుకుని ఆలోచించాడు. ఆలోచిస్తుంటే ఆయన మొహం తెల్లారినట్టు వెలిగింది.

"అంటే ఇవన్నీ కరెంటు బళ్ళా."

నేను దగ్గాను.

"మా షికాగోలో కరెంటు కార్లకి ఇలాగే ఉంటుంది. ముందు మూత ఎత్తితే ఖాళీ, సామాను పెట్టుకుంటారు. బ్యాటరీ ఎక్కడుంది, వెనక సీటు కిందా?"

వోచోకి బ్యాటరీ వెనక సీటు కిందే ఉంటుంది. ఫ్యాక్టరీలో అక్కడే పెట్టారు, నేను పెట్టలేదు.

"వెనక సీటు కిందే ఫాదర్."

"అనుకున్నాను." ముందు చక్రం పైన ఉన్న చిన్న మూత మీద వేలు పెట్టాడు. "నింపేది ఇక్కడేనా?"

"ఇక్కడే ఫాదర్."

"మరి రోజూ తెల్లారగానే నా కిటికీ కింద ఒకటే చప్పుడు వస్తుంది. అదేంటి?"

"ఆ చప్పుడు వెనక నుంచి వస్తుంది ఫాదర్."

"ఔనౌను, స్పీకరు పెడతారు. కరెంటు బండి చప్పుడు చేయకపోతే నడిచేవాళ్ళకి తెలీదని. మా దగ్గరా ఉంది." నేను నొచ్చుకుంటానేమోనని చూస్తూ, "మీరు పెట్టుకున్న చప్పుడు మాత్రం కాస్త ఎక్కువే," అన్నాడు.

"మాకు అలవాటైపోయింది ఫాదర్."

ఆయన మళ్ళీ లోపలికి వంగాడు. "ఈ గొట్టమేంటి? టైరులోంచి ఈ నీళ్ళ డబ్బాలోకి వెళ్తోంది?"

"స్టెప్నీలో గాలి ఆ గొట్టంలోంచి డబ్బాలోకి వెళ్ళి నీళ్ళని నెడుతుంది. ఆ నీళ్ళు ముందు అద్దం మీద చిమ్ముతాయి. రేపు మీరు చల్లగా మిగిలిన పవిత్ర జలం మా తాత అందులోనే పోస్తాడు. ఏడాది పొడుగునా అద్దం కడుక్కోవచ్చని."

ఫాదర్ నన్నూ టైరునీ మార్చి మార్చి చూసి నవ్వి, వేలు ఊపాడు.

"షికాగో నుంచి వచ్చినంత మాత్రాన అంత అమాయకుణ్ణి అనుకోకు అమ్మాయ్."

ఒట్టు, ఆ మధ్యాహ్నం నేను చెప్పిన వాటిలో అన్నిటికన్నా నిఖార్సైన నిజం అదే.

మూత వేశాక ఆయన కళ్ళల్లో నీళ్ళు కనిపించాయి. ఇంత పేద కొండ, ఇంత పాత బళ్ళు, అరవై రెంటికీ పెట్రోలు మానిపించి గాలిని కాపాడుతున్నారు, ఇది రేపు ప్రసంగంలో చెప్పకపోతే తను ఫాదర్ కానే కాదన్నాడు. నేను దగ్గుతూనే ఉన్నాను. నాలుగడుగులు వేసి ఆయన వెనక్కి తిరిగాడు.

"అన్నట్టు రేపు నీళ్ళు కుదరవమ్మా. బ్యాటరీ మీద పడితే ప్రమాదం. ఊరికే చెయ్యెత్తి దీవించేస్తాను."

నా దగ్గు గొంతులోనే ఆగిపోయింది. చెబుదామని నోరు తెరిచేసరికి ఆయన తలుపేసుకుని వెళ్ళిపోయాడు. తలుపు కొట్టొచ్చు. కొట్టి నిజం చెబితే, నువ్విలా నన్ను ఎందుకు నమ్మనిచ్చావు అని అడుగుతాడు. ఆ మాట గొడుగు కిందికి చేరడానికి పదహారు సెకన్లు చాలు. చెప్పకపోతే రేపు బళ్ళన్నీ పొడిగా మిగులుతాయి.

ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని తాతను అడిగాను.

"తాతా, నీళ్ళు చల్లకుండా దీవిస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుందంటే, బండి ఇంటి దగ్గర ఉంటుంది," అన్నాడు తాత. "తడవని ఇంజనుతో ఆ పెద్ద మలుపు ఎవడు దిగుతాడు? ముప్పై ఎనిమిదేళ్ళు నేను ఆ నీళ్ళ మీదే దిగాను. బ్రేకుల మీద కాదు. ఎందుకడిగావు?"

నేను దగ్గాను.

"ఆ దగ్గుకి మందు తీసుకోరాదూ," అన్నాడు.

మర్నాడు పొద్దున స్టాండంతా కాగితం పూలూ, రంగు బుడగలూ. మా పద్ధతి ఏంటంటే ముందు ప్రార్థన, తరవాత దీవెన. ప్రార్థన అయ్యాక ఎవరి బండిని వాళ్ళు తిప్పి, వెనక భాగం చర్చి గుమ్మం వైపు పెట్టి, వెనక మూత ఎత్తి నిలబడతారు. అప్పటిదాకా బళ్ళన్నీ మొహాలు చర్చి వైపు పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాయి. నేను మూడో వరసలో తాత పక్కన కూర్చున్నాను. దోన్యా ఒబ్దూలియా మొదటి వరస. నెమెసియో గుమ్మం దగ్గర. ఇంటి నుంచి నిన్ననే బయల్దేరినట్టున్నాడు.

ఫాదర్ ప్రసంగం మొదలైంది.

"ఈ దేశానికి మీరు దారి చూపించారు," అన్నాడు. "మీరు పెట్రోలు మానేశారు."

డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పొద్దున్నే ట్యాంకు నింపుకొచ్చిన నెమెసియో తల దించుకున్నాడు.

"ఎవరు మానేశారే?" అన్నాడు తాత నా చెవిలో.

"వినండి తాతా."

"ఎవరికీ చెప్పుకోకుండా, ఎవరి మెప్పూ కోరకుండా మానేశారు. మీ బళ్ళ నుంచి రవ్వంత పొగ కూడా రాదు."

వెనక వరసలో ఒకతను ఏడవడం మొదలుపెట్టాడు. అతని బండి పొగకి వాళ్ళ వీధిలో ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి పరిగెడతారు. తన గురించి ఇంత మంచిగా ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదని తరవాత చెప్పాడు.

"కాబట్టి," అన్నాడు ఫాదర్, "బ్యాటరీలు పాడవకూడదని ఈ ఏడు నీళ్ళు చల్లడం లేదు. చేత్తోనే దీవిస్తాను."

ఏడుస్తున్నతను ఏడుపు ఆపేశాడు. మొదటి వరసలో దోన్యా ఒబ్దూలియా తల తిరగడం మొదలైంది. చాలా మెల్లగా తిరిగింది. అటూ ఇటూ వెతకలేదు, సరిగ్గా నా దగ్గరికొచ్చి ఆగింది. టోపీ నా చేతిలోనే ఉంది. ఏం చేయాలో తెలీక పెట్టుకున్నాను.

ఆవిడ చూపును తట్టుకోగలిగాను. పక్కన తాతను చూడలేకపోయాను. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరో చెప్పకుండా ఇల్లు తాళమేసి వెళ్ళిపోయినట్టు కూర్చున్నాడు. తన ఆఖరి పండగ. తన చేతులతో నాకిచ్చే బండి తడవకుండా ఇవ్వాలి.

ప్రార్థన అయిపోగానే ఎవరూ లేవకముందే నేను లేచాను. ఫాదర్ చెయ్యి పట్టుకుని గుమ్మం బయటికి లాక్కెళ్ళాను. పద్నాలుగో నంబరు దగ్గరికి, దాని వెనక్కి.

"ఇటు రండి ఫాదర్. ఇక్కడ," అని వెనక మూత ఎత్తాను.

ఎన్ని మొహాలు చూశాను నేను, ఖాళీ డిక్కీ ముందు బిక్కచచ్చిన మొహాలు. ఇది వేరు. ఆయన లోపలికి చూశాడు. బెల్టు చూశాడు, ఫ్యాను చూశాడు, తాత నిన్న తుడిచిన ప్లగ్గు తీగలు చూశాడు. రుమాలు జేబులో పెట్టుకున్నాడు.

"డిక్కీలో ఇంజను పెట్టారేంటి?" అన్నాడు.

"ఇది డిక్కీ కాదు ఫాదర్. ముందుది డిక్కీ. ఇది ఇంజను. పెట్రోలుతోనే నడుస్తుంది. మీరనుకున్నది తప్పని నాకు నిన్ననే తెలుసు."

ఆయన ఒక వేలితో ఇంజనును ముట్టుకున్నాడు, అది కరుస్తుందేమో అన్నట్టు. తరవాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ బండి మీద చెయ్యేసుకుని నిలదొక్కుకున్నాడు. ఆ నవ్వుకి బయటికొచ్చిన డ్రైవర్లకి ఏమీ అర్థం కాకపోయినా బళ్ళు తిప్పుకున్నారు, వెనక మూతలెత్తారు. ఫాదర్ బకెట్లు తెప్పించాడు. ఒక్కో ఇంజను ముందూ ఆగి, మంచిదమ్మా నువ్విక్కడున్నావా అని పలకరించి మరీ నీళ్ళు చల్లాడు. వేడి ఇంజన్లు బుస్సుమన్నాయి. తాత తన బండి మీద నీళ్ళు పడేటప్పుడు టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. ఆ అలవాటు నాకు ఎక్కడిదని ఇకమీదట ఎవరూ అడగక్కర్లేదు.

తరవాత ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. దోన్యా ఒబ్దూలియా కూర్చుని నోటుబుక్కు తెరిచింది.

"నాచా."

"చెప్పండి దోన్యా."

"ఫాదర్‌కి అబద్ధం చెప్పావా?"

"ఒక్కటి కూడా చెప్పలేదు దోన్యా."

ఆవిడ ఏదో అనబోతుంటే ఫాదర్ ఎవెరార్దో ముందుకొచ్చాడు.

"లేదండీ, తప్పు నాదే. నిన్నటి మాటలన్నీ గుర్తు చేసుకున్నాను. బ్యాటరీ సీటు కిందే ఉంది. నింపేది అక్కడే. చప్పుడు వెనక నుంచే వస్తోంది. ఆ టైరు గొట్టం సంగతి కూడా నిజమేనట, దానికి నేనే క్షమాపణ చెప్పుకోవాలి. పిల్ల ఒక్క మాట తప్పు చెప్పలేదు."

దోన్యా నన్ను చూసింది, ఫాదర్‌ని చూసింది. పెన్ను మూత తీసింది. తాత నా మోచెయ్యి పట్టుకున్నాడు. పద్నాలుగు అని రాసి ఉన్న గీత మీద పెన్ను ఆనింది.

"ఒకటే ఆశ్చర్యం," అన్నాడు ఫాదర్ సంతోషంగా, బకెట్లోకి చూస్తూ. "అరవై రెండు బళ్ళకి చాలవేమోనని రెండు బకెట్లు నింపించాను. రెండోది ముట్టుకోనే లేదు."

పెన్ను ఆగింది.

"ఎన్ని బళ్ళకి ఫాదర్?"

"అరవై రెండు."

"అరవై రెండని ఎవరు చెప్పారు?"

ఫాదర్ నా వైపు చూశాడు. తరవాత బళ్ళ వైపు చూశాడు. ఆయన పెదాలు కదలడం మొదలైంది. ఆయన్ని చూసి అందరూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అందరికన్నా ఆఖర్న, తను తోలే వేగంతోనే, నెమెసియో లెక్క ముగించాడు.

"ముప్పై ఒకటి," అన్నాడు.

ఆ మాట వేళాకోళానికి అనలేదు. దానంతటదే వచ్చేసింది. చిన్నప్పటి నుంచీ నేను అరవై రెండనే అంటున్నాను, ముప్పై ఒకటంటే మా కొండ సగమైపోయినట్టు ఉంటుంది నాకు. మీకూ మొదటి నుంచీ అరవై రెండనే చెప్పాను. మీరూ ఏమీ అనలేదు.

"ముందొకసారి, వెనకొకసారి లెక్కపెట్టాను దోన్యా," అన్నాను.

ఫాదర్ ఒక్కడే నవ్వాడు. ఎవరూ కలవకపోయేసరికి ఆపేశాడు.

"సరే," అన్నాను. టోపీ తీశాను, ఈసారి గుండెల మీద పెట్టుకోకుండా కింద పెట్టాను. "అరవై రెండు అబద్ధం. అదొక్కటే కాదు. ఫాదర్ కరెంటు బళ్ళా అని అడిగినప్పుడు దగ్గాను. అప్పుడు నాకు దగ్గు రాలేదు. ఆ దగ్గు కూడా అబద్ధమే. ఆయన తప్పు దారిలో వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను, చాలా బాగుంది నాకు. నీళ్ళు చల్లనన్నాక భయమేసింది. భయమేసి కూడా రాత్రంతా ఊరుకున్నాను. పద్నాలుగు పోతుందని."

దోన్యా ఒబ్దూలియా పెన్ను మూత పెట్టేసింది. నెమెసియో ఒక అడుగు ముందుకేశాడు, అంటే ఇంకో పది నిమిషాల్లో కుర్చీ దగ్గరికి వస్తాడన్నమాట. ఆవిడ చెవి వెనక పెన్సిలు తీసుకుంది.

"మరి ఇవాళ మూత ఎందుకెత్తావు? నేనింకా అడగలేదు కదా."

"తాత మొహం చూశాను దోన్యా."

ఆవిడ పద్నాలుగు పక్కన నా పేరు రాసింది. ఇగ్నాసియా అని పూర్తిగా, పెన్సిలుతో.

"వచ్చే సాన్ క్రిస్టోబాల్ దాకా పెన్సిలే. రబ్బరు నా దగ్గరే ఉంటుంది. ఎవరైనా వచ్చి ముందు మూత ఎత్తి నోరు తెరిస్తే, నువ్వు బండి దిగి, వాళ్ళని వెనక్కి తీసుకెళ్ళి ఇంజను చూపించాలి. నోటితో కాదు, చేత్తో. నెమెసియో, నువ్వు ఇంకో ఏడాది ఆగు, నీకేం తొందర."

"నాకేం తొందర," అన్నాడు నెమెసియో.

ఫాదర్ మిగిలిన బకెట్ తెచ్చి మా తాత చేతికిచ్చాడు. తాత ముందు మూత ఎత్తి నీళ్ళ డబ్బా నింపుతుంటే పక్కనే వంగి, టైరు గొట్టాన్ని వేలితో తడిమి చూశాడు.

"ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా అమ్మాయ్?" అన్నాడు లేస్తూ.

ఉంది. నారింజపండు కిందికొచ్చేసరికి జ్యూసవదు, కాస్త నలుగుతుంది, అంతే. పోలీసాయన రాసింది రెండు పేజీలు కాదు, ఒకటి, అదీ ఒకవైపే. దగ్గు మందు లారీ రాలేదు. నెమెసియో బండెక్కిన ఆవిడ కాన్పుకి కాదు, బజారుకి వెళ్ళింది, సాయంత్రానికల్లా చేరింది కూడా. ఇక ఇరవై ఒక్కేళ్ళని మొదట్లో అన్నాను చూశారూ, అవి సెప్టెంబరులో నిండుతాయి.